నాన్న ఓడి తెచ్చిన గ్లాసు

మన గ్రూపులో అందరికీ ముందే చెబుతున్నాను, ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. అక్షర దోషాలుంటే నవ్వకండి.

ఈ రోజు ఇక్కడ అమెరికాలో, ప్లేనోలోని మా ఇంట్లో మా ఆయన మజ్జిగ తాగుతూ, "ఈ గ్లాసు మీద ద్వితీయ బహుమతి అనుందేంటి?" అన్నారు. నేను నవ్వి ఇంకాస్త మజ్జిగ పోశాను.

మన ఊళ్లలో కబడ్డీ పోటీలకు స్టీలు సామాను ఇచ్చేవారు, గుర్తుందా? నాన్న పన్నెండేళ్లు ఆడారు. మా వంటింట్లో గరిటె నుంచి పాలగిన్నె దాకా అన్నీ ఆయన గెలిచినవే. బిందె ఒక్కటే లోటు.

మోకాలు అరిగిపోయి, ఇక ఇదే చివరి ఆట అనుకున్న రోజు, మొదటి బహుమతి బిందె. అమ్మ ఇంట్లో బిందెకు చోటు కూడా సర్దిపెట్టింది.

చివరి కూతకు నాన్న వెళ్లారు. మోకాలికి రాసిన ఆముదం వాసన నా దాకా వస్తోంది. ఇద్దరిని తాకి, "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దగ్గరికి వచ్చేశారు. సంతోషం పట్టలేక "నాన్నా!" అని అరిచాను.

"ఏంటమ్మా?" అన్నారు.

కూత ఆగితే అవుట్ అని మీకు చెప్పక్కర్లేదు.

ఇంటికి ఆరు గ్లాసులు వచ్చాయి.

"గీత దాకా వచ్చి కూత ఆపేశావా? నా బిందె పోయింది కదయ్యా!" అంది అమ్మ.

"ఊపిరి చాల్లేదే," అన్నారు నాన్న, నా వైపు చూడకుండా.

అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. నాన్న ఇప్పటికీ ఊపిరి మీదికే నెడతారు.

అందుకే, చదివాక మీ ఫోన్లలోంచి తీసేయండి. అమ్మకు మాత్రం పంపకండి. నా నోటి వల్ల నాన్న రెండోసారి అవుట్ కాకూడదు.