మోకాల్లోతు గెడ్డకి మూడు లైన్లు

నా భార్య చనిపోయిన నెలకి నేను చేపలు పట్టే సామాను కొనడం మొదలుపెట్టాను. ఆమె డుంబ్రిగుడ వైపు ఆసుపత్రిలో నర్సు, నేను అక్కడి బడిలో లెక్కల మాస్టర్ని. బడి నుంచొచ్చి ఫోను చూస్తూ కూర్చుంటే, ఎవరో విదేశీయుడు ఏట్లో నిలబడి పొడవాటి గాలం దారాన్ని, వాళ్ల మాటలో లైనుని, గాల్లోకి విసిరే వీడియో వచ్చింది. ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగే అతని ఎర. పురుగుకి బరువుండదు కాబట్టి దాన్ని దూరం మోసుకెళ్లే బరువంతా లైనులోనే ఉండాలట. అందుకే లైను చూసి కొనుక్కోమన్నాడు. రోజుల తరబడి అదే చదివాను. తేలేది, మునిగేది, కొస మాత్రమే మునిగేది. ఏదీ తేల్చుకోలేక మూడూ తెప్పించాను. పార్సిళ్లు వచ్చినా సంతోషమేమీ కలగలేదు. విప్పడానికి ఏదో ఒకటి ఉంది, అంతే.

ఒక ఆదివారం పొద్దున్న ఆ సామానంతా సంచిలో వేసుకుని ఊరి కింద పారే చిన్న గెడ్డకి వెళ్లాను. వానలు తగ్గి నీళ్లు తేటగా పారుతున్నాయి. మునిగే లైను వేస్తే రాళ్ల సందులో ఇరుక్కుంది. లాగితే కొస తెగింది. కొస మునిగేది వేశాను, అదీ అడుగు పట్టేసింది. కాస్త ఎగువన ఒక ముసలామె వెదురు కర్రతో చేపలు పడుతోంది. సంతలో చోళ్లు, అదే రాగులు, అమ్మే మనిషే. చాలాసేపు నన్ను చూసి, కర్ర ఒడ్డున పెట్టి దగ్గరికొచ్చింది. సంచిలోవి ఏమిటని అడిగింది. లైన్ల తేడాలన్నీ పాఠం చెప్పినట్టు చెప్పాను. ఓపిగ్గా వింది.

"గెడ్డ మోకాల్లోతే కదా మాస్టారూ. ములిగేది ఎందుకు?" అంది.

తేలేది ఒక్కటుంచి మిగతావి సంచిలో పెట్టెయ్యమంటే పెట్టేశాను. నీడ నీళ్లమీద పడకుండా బండ వెనక నిలబడమంటే నిలబడ్డాను. ఆ రోజుల్లో ఎవరేం చెయ్యమన్నా చేసెయ్యడమే సులువుగా ఉండేది.

కాసేపటికి ఆమె నీళ్లవైపే చూస్తూ, "మా కోడలికి పురుడు పోసింది నర్సమ్మే," అంది. ఆగి, "రెండు పూటలా తింతన్నావా?" అని అడిగింది.

తింటున్నానని అబద్ధం చెప్పాను. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. అంతలో లైను కదిలింది. అరచెయ్యంత చేప. ఎవరివో చేతులతో తీస్తున్నట్టు దాన్ని గాలం నుంచి తీశాను. ఆమె తన బుట్టలోంచి ఇంకో రెండు తీసి, అన్నీ కలిపి ఆకులో చుట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు. ఉప్పూ పసుపూ రాసి కాల్చుకోమంది.

ఇంటికొచ్చి కాల్చాను. ఒక పక్క మాడాయి. ముళ్లు తీసుకుంటూ మూడూ తిన్నాను. రుచి తెలియలేదు గానీ కడుపు నిండింది. ఆ మధ్యాహ్నం చాలా రోజులకి నిద్రపోయాను.

మిగతా లైన్లు రెండూ హాస్టల్లో ఇచ్చేస్తే, పిల్లలు బట్టలారేసుకోవడానికి కట్టుకున్నారు. ఇప్పటికీ ఆదివారాలు గెడ్డకి వెళ్తాను. ఒక కర్ర, ఒక లైను, జేబులో అగ్గిపెట్టెలో నాలుగు ఈకల పురుగులు. ఆ ముసలామె వస్తే కాస్త ఎడంగా నిలబడి ఇద్దరం పడతాం. ఎక్కువ మాట్లాడుకోం. నాకు ఏడుపు ఇంకా రాలేదు. దానికోసం చూడటం మానేశాను.