పట్టపగలు లైట్‌హౌస్‌ల కాలిన తొట్టెల గుడ్డ

అరే, చాయ్ చల్లారితే ఇంకోటి తెప్పిస్త గని, మొన్న నేను బందరు దిక్కు పోయి చేసొచ్చిన నిర్వాకం వినుండ్రి. లైట్‌హౌస్‌ల గుడ్డ కాలబెట్టిన! అదీ దీపం ముట్టియ్యకముందే, పట్టపగలు! నవ్వకుండ్రి, మొదటి సంది చెప్త.

మా చెల్లె సరోజన మొగడు రాజేశం అద్దకం పనికని సముద్రం ఒడ్డు ఊరికి పోయి అక్కడనే ఉంటాండు గదా. వాళ్ళకు కొడుకు పుట్టిండు. తొట్టెలల వేస్తున్నం, రావాలె అని కార్డు రాసిండ్రు. మేనమామను, ఉత్తచేతులతోని పోతనా? తొట్టెల మీద కప్పేటందుకు గుడ్డ నేసిన. సన్న నూలు, ఎర్ర అంచు, నడుమ ఒక్కటే పువ్వు. ఆరు వారాలు పట్టింది. మన వరంగల్ కాశిబుగ్గల అసొంటిది ఇంకెవ్వలు నేయలేదని నాకు నేనే మురిసిన. "చూసుకున్నది చాలు గని, ఇగ ట్రెయిన్ ఎక్కు" అన్నది మా ఇంటామె.

ఒక దినం ముందే చేరిన. పొద్దుగాల రాజేశం, "బావా, మా లైట్‌హౌస్ చూడకుంట పోతవా?" అన్నడు. గుడ్డ ఇంట్ల పెడితే సరోజన ముందే విప్పి చూస్తది. అందుకని నాలుగు మడతలేసి చంకల పెట్టుకొని బైలెల్లిన.

సముద్రం నేను ఎన్నడు చూసినోన్ని కాదు. "అవతలి ఒడ్డు ఎక్కడున్నది?" అని అడిగితే రాజేశం కడుపు పట్టుకొని నవ్విండు. సరే, సముద్రం ఒకెత్తు. ఆ లైట్‌హౌస్ ఇంకొకెత్తు! తెల్లగ, కింద లావుగ, మీదికి పోయినకొద్ది సన్నగ, నూలు కండె నిలబెట్టినట్టే ఉన్నది. మా తాతలు పుట్టకముందు కట్టిందట. ఇన్ని తుఫాన్లు తాకినా ఒక్క పగులు లేదు. దాని చుట్టు తోట! ఉత్త ఇసుకల! సరుగుడు చెట్లు వరుసకు వరుస, నడుమ గులకరాళ్ళ బాట, బాట పొంటి కనకాంబరాలు. ఇసుకల పువ్వు పూసిందంటే నమ్మబుద్ధి గాక వంగి ముట్టి చూసిన.

"నిజం పువ్వేనండీ, వదిలేయండి!" అని ఎనుకనుంచి ఒక గొంతు. దీపం చూసుకునే వెంకటరత్నం గారట. చేతుల నీళ్ళ కుండ. బావి నుంచి రోజూ తనే మోసి పోస్తడట ఆ తోటకు. రాజేశానికి దోస్తే. "రండి, పైకి తీసుకెళ్తాను" అన్నడు.

ఇనుప మెట్లు గిర్రగిర్ర తిరుగుడు. లెక్కపెడదామంటే నడుమనే ఊపిరి తప్పింది, లెక్కా తప్పింది. కాళ్ళు గుంజుతానయి. గని పైకి పోయి చూసిన్నో, నొప్పి యాదికి లేదు. మనిషంత అద్దం! పట్టీలు పట్టీలుగ చెక్కిన అద్దాలు చుట్టూత పేర్చి, నడుమ చిన్న దీపం. ఆ చిన్న దీపాన్నే ఈ అద్దాలు మైళ్ళ దూరం తోలుతయట. అద్దాల ఇత్తడి చట్రం మీద నా మొఖం కనవడ్డది.

"యుద్ధం రోజుల్లో దీపం వెలిగించొద్దన్నారండీ. అయినా అద్దం తుడవడం ఒక్క రోజు కూడా మానలేదు" అన్నడు ఆయన. నేను ఆయన చేతుల దిక్కు చూసిన. నా మగ్గాన్ని నేను గట్ల చూసుకుంటనా అని సిగ్గయ్యింది.

"ఆ తెరలు మాత్రం ముట్టుకోకండేం" అని చెప్పి, పడవలు చూపిస్తనని రాజేశాన్ని బయటి వసారలకు తీస్కపోయిండు. నేను నా గుడ్డను అక్కడున్న స్టూలు మీద పెట్టి, అద్దం చుట్టు తిరుగుతాన.

అద్దాల గది చుట్టూత పర్దాలు కట్టి ఉన్నయి. ముట్టుకోవద్దన్న గుడ్డ అసలు ఏం గుడ్డనో చూడాలె గదా? నేతగాన్ని! జర పక్కకు జరిపి, ఎలుగుకు పెట్టి పోగులు లెక్కపెడ్తాన. 'ఎవడు నేసిండో గని ఇంత పలచనా! మనమైతే ఎంత దగ్గరగ నేస్తుంటిమి!' అని మురుస్తాన. గంతల గోడ మీద సింగిడి! ఏడు రంగులు! పర్దా పట్టుకొనే నోరు తెరిచి చూస్తాన.

ఏదో కమురు వాసన. రాజేశం బీడీ ముట్టిచ్చిండు గావచ్చు అనుకున్న. మళ్ళ సింగిడి చూస్తాన. వాసన ఎక్కువైంది. ఎనుకకు మర్రి చూస్తే స్టూలు మీదికెల్లి పొగ! నా గుడ్డ!

"ఓ రాజేశం!" అని మొత్తుకున్న. వెంకటరత్నం గారు ఉరికొచ్చి ముందుగాల పర్దా మూసిండు, తర్వాత గుడ్డ మీద దబదబ కొట్టిండు.

"తెర ఎందుకు తీశారండీ?"

"పోగులు చూద్దామని..."

"పోగులా! రాత్రి దీపాన్ని సముద్రం మీదికి పంపే అద్దమండీ ఇది. పగలు తెర తీస్తే ఎండనంతా తెచ్చి ఒకేచోట పోస్తుంది. మొత్తం అంటుకునేది!"

"అద్దానికేమన్న అయ్యిందా?" అని మెల్లగ అడిగిన. ఆ మాటకు ఆయన కోపం దిగింది. "అద్దానికేం కాలేదు. మీ గుడ్డ చూసుకోండి పాపం."

విప్పిన. నాలుగు మడతలు గదా, నాలుగు చిల్లులు! పువ్వు చుట్టు నాలుగు దిక్కుల, కొలిచి పెట్టినట్టు! ఆయన అంచు పట్టుకొని చూసి, "ఎంత బాగా నేశారండీ" అన్నడు. ఏడ్పొచ్చింది నాకు.

ఇంటికొచ్చి చెప్తే సరోజన నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నది. "ఫికర్ చెయ్యకు అన్నా, నువ్వు నేసిందే కప్పుత" అని ఎర్ర దారం తీసి చిల్లుల చుట్టు కుట్టేసింది. తెల్లారి తొట్టెల మీద కప్పింది. నేను తలకాయ దించుకొని మూలకు నిలబడ్డ. పక్కింటి సుబ్బమ్మగారు వచ్చి వంగి చూసింది. ఇగ అయిపోయింది నా ఇజ్జత్ అనుకున్న.

"అబ్బ! ఈ కిటికీలు భలే ఉన్నాయే! కప్పినా బిడ్డకు గాలి ఆడుతుంది. ఇదెక్కడి పనితనమమ్మా?"

రాజేశం నవ్వకుంటనే, "మా వరంగల్ పద్ధతండీ" అన్నడు. భోజనానికొచ్చిన వెంకటరత్నం గారు కండువ నోట్లె కుక్కుకొని బయటికి పోయిండు. సుబ్బమ్మగారు తన మనవరాలికి ఒకటి కావాలన్నది. ఆమె వెనుక ఇంకిద్దరు.

చూసిండ్రా నా బతుకు! ఇరవై ఏండ్ల సంది మగ్గం మీద కూసుంటాన. ఆ పువ్వును ఒక్కలు గూడ చూడలే. నా గుడ్డల జనం మెచ్చుకున్నది, నేను నేయని జాగనే!