చుక్కా, మురికా?

అబిడ్స్‌లో నేను పనిచేసే డీటీపీ షాపుకి నాంపల్లి నుంచి నడిచి వచ్చేవారు అరబ్బీ సార్. రిటైరయ్యాక అరబ్బీ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నిఘంటువు చేస్తున్నారు. అరబ్బీలో ‘హ’లు రెండున్నాయట. రెండోదానికి ఇంగ్లీషు హెచ్ కింద చుక్క పెట్టాలి. చుక్క పోతే మాటే మారిపోతుంది.

అందుకే ఆయనకి నా మీదా నమ్మకం లేదు, ప్రింటర్ మీదా లేదు. ప్రూఫు చేతికివ్వగానే ఒక్కో చుక్కనీ చిటికెనవేలి గోటితో గీకేవారు.

“ఏందమ్మా, గిది చుక్కనా, మురికా?”

రాలితే మురికి. రాలకపోతే చుక్క. అయినా నా వంక ఓరగా చూసేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆఖరిసారి వచ్చినరోజు ఒక పేజీని చిరిగేదాకా గీకారు.

“గిది పోతలేదు. గీడ చుక్క నేను పెట్టమనలే. ఎవరు పెట్టిన్రు?”

వంగి చూశాను. ఆ చిరుగు చుట్టూ తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు.

“ఏం లేదు సార్,” అన్నాను.

నమ్మలేదు. తలెత్తి ఎదుటి ఖాళీ తెల్లగోడకేసి చూశారు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశారు.

“గోడకు గూడ నువ్వే పెట్టినవా?”