తొమ్మిది కాదు, పద్నాలుగు

మా హెడ్ సిస్టర్‌గారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. ఆ వేళకు నేను పక్కనే ఉన్నాను. అది చివర చెబుతాను. ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

విశాఖలో స్టీలు ప్లాంటు లేస్తున్న రోజులవి. రోడ్ల నిండా లారీలు, మా ఆసుపత్రి క్యాజువాల్టీ నిండా దెబ్బలు తగిలినవాళ్లు. అప్పుడే ఒక సర్జన్‌గారు తలకు దెబ్బ తగిలినవాళ్లకు మార్కులు వేసే పద్ధతి తెచ్చారు. కన్ను తెరిస్తే ఇన్ని, మాట్లాడితే ఇన్ని, చెప్పినట్టు చెయ్యి కదిపితే ఇన్ని. మొత్తం పదిహేను. ఎవరికి తక్కువ వస్తే వాళ్లు ముందు ఆపరేషన్‌కి లోపలికి. కొందరు నవ్వుకున్నారు. సిస్టర్‌గారు మాత్రం వారంలో కంఠతా పట్టేశారు. ప్లాస్టరు చుట్టను గాజుల పక్కన చేతికి తొడుక్కుని, ఒక్కొక్కరి చొక్కా మీదా అంకె, టైమూ రాసి అంటించేవారు.

నేను కొత్తగా చేరిన నర్సుని. ఉలుకూ పలుకూ లేని మనిషికి సున్నా వేశాను.

"ఓలమ్మో! సచ్చినోడికి కూడా మూడొస్తాయే ఇందులో. మళ్లీ సూడు" అన్నారు.

మళ్లీ చూస్తే ఐదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక మధ్యాహ్నం కూలీల లారీ బోల్తా పడింది. స్ట్రెచర్ల వరసలో ఆవిడ తమ్ముడు కూడా ఉన్నాడు. తల పగిలింది, కాలు విరిగింది. తల్లి పోయాక ఆవిడ చేతుల మీద పెరిగినవాడు. సిస్టర్‌గారు రెండడుగులు వేసి ఆగిపోయారు.

"ఒలే గుంటా, ఈడికి నువ్వెయ్యి. ఈడి కాడ నా సెయ్యిని నాను నమ్మను."

చూశాను. పద్నాలుగు. కానీ తొమ్మిది రాశాను. జాలి, అంతే. పక్క స్ట్రెచర్ మీద పేరు కూడా తెలియని కూలీ. పావుగంట కింద పన్నెండు ఉన్నవాడు పదికి దిగిపోయాడు. ఆపరేషన్ బల్ల ఒక్కటే. సర్జన్‌గారు అంకెలు చూసి తమ్ముడి వైపు నడిచారు.

"అక్కా, కాలు లాగేత్తందే. ఇంట్లో సెప్పకు" అన్నాడు తమ్ముడు.

సిస్టర్‌గారు ప్లాస్టరు వైపు చూశారు. నా వైపు చూశారు. "తొమ్మిదొచ్చినోడు ఇంత కబురు సెప్పడే" అంటూ దాన్ని పీకేసి, పద్నాలుగు రాసి అంటించారు. "ఈడు కాదండీ, ఆ పక్కోడు ముందు."

"నన్నొగ్గీసి ఆడిని తీసుకెల్తావా అక్కా?"

"నీకు నోరుందిరా. ఆడికి నేదు. ఆ అంకే ఆడి నోరు."

మొహం తిప్పుకున్నారు. ఆ కూలీ స్ట్రెచర్‌ను తనే లోపలికి తోశారు.

నలుగురిలో నన్నొక్క మాటా అనలేదు. తర్వాత డ్రెస్సింగ్ గదిలో అన్నారు: "నాకు మంచి సేద్దామనుకున్నావు. ఆ కూలోడి అక్క ఇక్కడ నేదు కదే. ఆడికెవులు సేత్తారు?"

భోరుమన్నాను. ఆవిడే నా కళ్లు తుడిచారు.

ఆ కూలీ బతికాడు. కొన్నాళ్లకు పనసకాయ భుజాన వేసుకుని, నడిచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నా ఏలు నొక్కరా" అన్నారు సిస్టర్‌గారు. నొక్కాడు. "పదిహేను!" అని వార్డంతా వినబడేలా అరిచారు. అంత గర్వంగా ఆవిడ అరవడం నేను మళ్లీ వినలేదు.

తమ్ముడి కాలు మాత్రం కాస్త పొట్టిగా అతుక్కుంది. ఆలస్యం వల్లో కాదో ఎవరూ చెప్పలేరు. ఎందుకు కుంటుతున్నావని అడిగితే, "ఇది మా అక్క ఏసిన మార్కు" అని నవ్వుతాడు. నేనూ రిటైరయ్యేదాకా మరో అబద్ధపు అంకె రాయలేదు. నా ఉద్యోగంలో నేను గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

మంగళవారం ఆ తమ్ముడే, ఇప్పుడు తల నెరిసినవాడు, సిస్టర్‌గారి మంచం దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "ఓపాలి సూడమ్మా" అన్నాడు. "సిస్టర్‌గారూ" అని పిలిచాను. ఆవిడ గోరు మీద నొక్కాను. అతను వంగి "అక్కా" అన్నాడు. కన్ను కదల్లేదు.

"ఎంత?"

ఒక్కటి కలపమని మనసు గింజుకుంది. "మూడు" అన్నాను.

"సరిగ్గా ఏసినావమ్మా" అని, అతను అక్క చేతి గాజులు మెల్లగా సర్దాడు.