దయకు కాపలా కాసినవాళ్లు

మొన్న మా తమ్ముడి కొడుకు ఫోనులో ఒక ఉపన్యాసం పంపాడు. ఇస్త్రీ నలగని షేర్వానీలో ఒక పెద్దమనిషి, అల్లాహ్ కరుణ ఎవరెవరికి దక్కదో వేళ్లు మడిచి మరీ చెబుతున్నాడు. కార్డు లేనివాళ్లను వెళ్లగొట్టే రేషను దుకాణం గుమాస్తా ముఖంలో కూడా అంత తృప్తి నేను చూడలేదు. ఫోను కట్టేసి కూర్చుంటే అమ్మకు అన్న అయిన మా మామూ గుర్తొచ్చాడు.

మన ఈడువాళ్లకు తెలుసు, అప్పట్లో పాతబస్తీ గల్లీల్లో ఖురాన్ చదువు ఇళ్ల అరుగుల మీదే సాగేది. మా అరుగు మీద అబ్బా, అంటే మా నాన్న, ప్రతి కొత్త బిడ్డకూ మొదట చెప్పేది ఒకటే: కరుణను చెప్పే 'రహ్మత్', తల్లి గర్భాన్ని చెప్పే అరబ్బీ మాట, రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయని. కొత్తగా తెలుగు పంతులునైన నేను, నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతో, అదంతా పిల్లలను బుజ్జగించే మాటగా తీసిపారేసేవాణ్ని.

ఒక వానాకాలం మా గల్లీ చివరి రిక్షా అతను తాగి తాగి చనిపోయాడు. మసీదు కమిటీకి పెద్ద అయిన మామూ, అతనికి జనాజా నమాజు, ఆ ఆఖరి ప్రార్థన, అక్కడ జరగదన్నాడు. చనిపోయినతని భార్య వచ్చి మా అరుగు ముందు నిలబడింది. ఏడవలేదు, అడగలేదు, ఊరకే నిలబడింది. అబ్బా చెప్పులు తొడుక్కుని మసీదుకు నడిచాడు, వెనకాలే నేను.

మామూ ఖురాన్ వాక్యం సిద్ధంగా పెట్టుకున్నాడు. తన కరుణ సమస్తాన్నీ ఆవరించిందన్న దేవుడే, ఆ వెంటనే, భయభక్తులు గలవాళ్లకు దాన్ని రాస్తానన్నాడు కదా, ఈ తాగుబోతుకు అందులో చోటెక్కడిదని అడిగాడు.

“సమస్తం అన్నంక గీ రిక్షాయన బయటుంటడా భాయ్?” అన్నాడు అబ్బా. “రాసేటోడు ఆయన. ఏం రాసిండో నువ్వెప్పుడు చదివినవ్? శిక్షనో మాఫీనో ఆయన చూస్కుంటడు. నమాజు మన జిమ్మా, మనం చెయ్యాలె.”

మామూ గుమ్మంలోంచి పక్కకు జరగలేదు. అబ్బా నా వైపు ఒకసారి చూశాడు. నేను మామూ పక్కనే, మసీదు మెట్ల మీదే ఉండిపోయాను. ఖబరస్తాన్ పక్క మైదానంలో, బురదలో, నలుగురు రిక్షావాళ్లను వెనక నిలబెట్టుకుని అబ్బా నమాజు చేయించాడు. అంత చదువూ నాకు నేర్పింది, ఎండిన చోట నిలబడి చూడడం.

ఆ వారమే సగం మంది పిల్లలు చదువు మానేశారు. అబ్బా మిగిలినవాళ్లతోనే, చనిపోయినతని కూతురితో సహా, కళ్లు మసకబారేదాకా సాగించాడు. మామూ పోయినప్పుడు మసీదు కిక్కిరిసింది. మొదటి వరుసలో నిలబడి అబ్బా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ కన్నీళ్లు చూసి నాకు కోపం వచ్చింది. దయ అంటే ఏమిటో అప్పటికీ నాకు తెలియలేదన్నమాట.

ఇప్పుడు అరుగులు రోడ్డు వెడల్పులో పోయాయి, మసీదుకు చలువరాయి వచ్చింది, కాపలాదారులు ప్రతి అరచేతిలోకీ వచ్చారు. ఆ రోజు బురదలో అబ్బా వెనక ఐదో మనిషికి చోటుండేది. ఆ మైదానంలో ఇప్పుడు ఇళ్లు లేచాయి. ఎక్కడికి వెళ్లి నిలబడాలో నాకు తెలియదు.