అమ్మమ్మకు చెప్పని పంపు సంగతి

నాకు తొమ్మిదేళ్ళు... తమ్ముడు పుట్టి ఇంకా నెల తిరగలేదు. పరదేశంలో, యీషున్‌లో మా ఫ్లాటంతా సాంబ్రాణి వాసన. పురుడు పొయ్యడానికి రాజోలు నుంచి అమ్మమ్మ వచ్చింది.

బాలింతకు నీళ్ళు పొయ్యడమంటే అమ్మమ్మకు ఆషామాషీ కాదు. ముందు తన మోచేతి మీద పోసుకుని చూసుకునేది... ఒళ్ళు ఎర్రబడేంత వేడి ఉంటేనే అమ్మ వీపు మీద చెంబు వంచేది. మాకేమో రెండు బాత్రూములకూ కలిపి ఒకటే హీటరు. వంటింటి పక్కన కప్పుకు ఆనుకుని ఉండే తెల్లటి పీపా. అమ్మమ్మ దాన్ని బాయిలరనే పిలిచేది, వాళ్ళ పెరట్లోని రాగి బాయిలరుతో పోల్చి రోజూ నాలుగు మాటలనేది.

ఆవిడ నోటి చలవో ఏమో... ఉన్నట్టుండి నీళ్ళు గోరువెచ్చగా రావడం మొదలుపెట్టాయి.

నాన్న స్విచ్చు చూశారు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. మెకానిక్‌ను పిలిస్తే థర్మోస్టాట్ మార్చి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ అదే గోరువెచ్చన. నాన్న స్టూలెక్కి పీపా దగ్గర గొట్టం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అక్కడ అంత వేడి... అమ్మ పంపు దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. ఆయనకు అంతు చిక్కలేదు.

ఈలోగా అమ్మ స్నానం చేసి వచ్చి దుప్పట్లో వణికేది. అమ్మమ్మ గ్యాసు మీద నీళ్ళు కాచి, తపేలాను మసిగుడ్డతో పట్టుకుని హాల్లోంచి నడుచుకుంటూ వెళ్ళేది. నున్నటి టైల్సు, మరిగే నీళ్ళు, అమ్మమ్మ మోకాళ్ళు... నాన్న ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెనకాలే వెళ్ళేవారు.

చివరికి ఒక సాయంత్రం అమ్మమ్మ తేల్చేసింది.

“అల్లుడుగారూ, పిల్లనీ పసివాణ్ణీ మా ఊరు తీసుకుపోతానండి. ఐదో నెల వచ్చాక పంపిస్తాను.”

నాకు స్కూలుంది కాబట్టి నా ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. తమ్ముడు పోతే పోయాడు గానీ, అమ్మ లేకుండా అన్నాళ్ళు ఎలా ఉండాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున నాన్న గొట్టం వెంబడే చెయ్యి పెట్టి చూసుకుంటూ హాలు పక్క బాత్రూములోకి వెళ్ళారు. నేను వెనకే ఉన్నాను. అప్పుడే అక్కడ తమ్ముడి స్నానం ముగించి, అమ్మమ్మ అవతలి బాత్రూములో అమ్మకు నీళ్ళు పోస్తోంది.

అమ్మమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద తమ్ముణ్ణి పడుకోబెట్టి స్నానం చేయించేది. ఒక చెయ్యి వాడి తల కింద, ఇంకో చేతికి సున్నిపిండి... పంపు తిప్పడానికి మూడో చెయ్యి లేదు. అందుకని నాన్నే షవరు గొట్టం చివర మీట ఉన్న పిడి బిగించారు. నొక్కితే నీళ్ళు, వదిలేస్తే ఆగిపోతాయి. అమ్మమ్మకు తెగ నచ్చింది. నీళ్ళు ఎలాగూ ఆగిపోతున్నాయని గోడ మీద అసలు పంపును వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ మధ్యలో తిప్పి, అలాగే వదిలేసేది.

నాన్న ఆ పంపునే కాసేపు చూసి, కట్టేశారు.

అవతల నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. “నీళ్ళు కాలిపోతున్నాయండీ అల్లుడుగారూ...”

మీట వదిలేశాక పిడిలోంచి బయటికి దారి లేని చన్నీళ్ళు ఆ పంపులోంచే వేడి గొట్టంలోకి దూరి, అమ్మ నీళ్ళలో కలుస్తున్నాయట. హీటరు ఏ పాపమూ ఎరగదు. నేను అమ్మమ్మకు చెప్పడానికి పరిగెత్తబోతే నాన్న భుజం పట్టుకుని ఆపారు.

“చెప్పకు. తనవల్లే పిల్ల వణికిందని కుమిలిపోతారావిడ.”

మెకానిక్ మార్చిన భాగం ఇప్పటికి కుదురుకుందండీ అని ఆవిడతో చెప్పారు. ఆవిడ నమ్మింది. ప్రయాణం మాట మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ, తమ్ముడి స్నానం అయ్యీ కాగానే మొహం కడుక్కునే వంకతో నాన్న లోపలికి వెళ్ళి పంపు కట్టేసి వచ్చేవారు.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు బిషాన్‌లో మా ఇంట్లో ప్రతి బాత్రూముకూ బటన్ నొక్కే హీటరే. ఎవరి స్నానం వాళ్ళది... నీళ్ళు కాగాయో లేదో ఇంకొకరి కోసం మోచెయ్యి పెట్టి చూసేవాళ్ళు లేరు. మొన్న ఈ కథ చెబితే తమ్ముడు “ఒక్క ట్యాప్ లా, అంతేగా” అని ఇక్కడి యాసలో అనేసి ఫోన్‌లో తల దూర్చాడు. వాడి కోసమే ఇంత జరిగిందని వాడికేం తెలుసు...

నాన్న మాత్రం మా ఇంటికి వచ్చినప్పుడల్లా మొహం కడుక్కుని వస్తానంటూ లేస్తారు. ఆయన వచ్చాక నేను వెళ్ళి చూస్తాను. పంపు గట్టిగా కట్టేసి ఉంటుంది.

మీ ఇంట్లో నీళ్ళ వేడి చూసిన చెయ్యి ఎవరిదో... గుర్తుంటే కింద రాయండి.