కత్తెరక్క లేజర్ మిషన్

మా అక్కను కార్ఖానాలో అందరూ కత్తెరక్క అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానా అది. తానులు పొరలు పొరలుగా పరిచి, సుద్దగీత మీద కత్తిరించడం ఆమె పని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని, అదే బల్ల, పొద్దస్తమానం అదే నిలబడటం. కూర్చుంటే కత్తెర వాలు కుదరదని అక్కడ కుర్చీ వెయ్యరు. కుర్చీ వేస్తే వాళ్ళ సొమ్మేం పోతుందో నాకైతే ఈనాటికీ తెలియదు.

అంత కత్తిరించీ ఇంటికొచ్చి మళ్ళీ కత్తెరే పట్టుకునేది మహాతల్లి. ఈసారి చిన్న కత్తెర, నల్ల కాగితం. కాగితంలో వీధులు కత్తిరించేది. మేడలు, మెట్లు, బాల్కనీలో ఆరేసిన చొక్కాలు, సైకిలు మీద ఒక మనిషి. అన్నిటికన్నా కిటికీలంటే ఇష్టం. కత్తెర చుట్టూ తిరిగొచ్చి ఆ చిన్న ముక్క ఒళ్ళో రాలినప్పుడు, "చూడవే, కిటికీ తెరుచుకుంది" అనేది. ఎవరికీ అమ్మలేదు, ఎవరికీ చూపించలేదు. పరుపు కింద దాచుకునేది. తనదని చెప్పుకోవడానికి మా అక్కకు అదొక్కటే ఉంది, మిగతావన్నీ మాకే పంచిపెట్టేసింది.

చివరికి మణికట్టు మొరాయించింది. లోపల నరం నలిగిపోయిందన్నాడు డాక్టరు. బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్ళూ తిమ్మిరి. కత్తెర తగ్గించమన్నాడు. ఏ కత్తెర తగ్గించాలి? కూడు పెట్టేదాన్ని తగ్గించలేదు కదా, ఇంటి కత్తెర మానేసింది. సాయంత్రాలు ఊరికే గోడ వైపు చూస్తూ కూర్చునేది. నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే నా ఫోన్లో ఒక వీడియో చూపించాను. చిన్న డబ్బా లాంటి మిషన్, లోపల సూదిమొనంత వెలుగు, అది కాగితం మీద, పల్చటి చెక్క మీద గీత వెంబడి పోతూ కోసేస్తోంది. అక్క దాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది.

"పెన్సిలైతే పట్టుకోగలనే. నేను గీస్తే అది కోస్తుందా?"

"కోస్తుందట."

"కిటికీలు కూడా?"

"కిటికీలేం ఖర్మ, కిటికీలోంచి తొంగిచూసే వాడి ముక్కు కూడా."

"అయితే మనకందేది ఒకటి చూడు."

నేను జిరాక్స్ కొట్లో కంప్యూటరు ముందు కూర్చుంటాను. అంచేత ప్లగ్గున్న ప్రతి వస్తువూ నాకు తెలుసని మావాళ్ళ గట్టి నమ్మకం. నలుగుర్నీ అడిగి, ఒకాయన్ని పట్టుకున్నాను. చెక్క బిళ్ళల మీద పేర్లు చెక్కి అమ్ముకుంటూ, ఆ మిషన్లు కూడా అమ్ముతాడాయన. మంచి ఓపికమంతుడు. మా అక్క ప్రశ్నలకు అంత ఓపిక కావాల్సిందే మరి.

ఆయన దగ్గర అన్నిటికన్నా చవకైనది మూత లేనిది. నాలుగు కడ్డీలు, మధ్యలో అటూఇటూ తిరుగుతూ నీలం వెలుగు చిమ్మే తల, అంతే. "కానీ ఆ నీలం వెలుగు కంట్లో పడితే కళ్ళు పోతాయమ్మా. గదిలో ఉన్న ప్రతివాళ్ళూ దానికని ఇచ్చే కళ్ళజోడు పెట్టుకోవాలి. పొగ కూడా ఇల్లంతా తిరుగుతుంది" అన్నాడు. మా బావ ఒక గోడౌనుకు రాత్రి కాపలా. పగలే నిద్ర. ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు.

"మీ ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిద్రపోతాడేమో కనుక్కో" అన్నాను. అక్క నవ్వలేదు.

పెద్దది ఇంకొకటుంది. మంచమంత. దాంట్లో వెలుగు పుట్టే గాజు గొట్టం వేడెక్కకుండా నీళ్ళు తిరుగుతూ ఉండాలట. అది దేన్నైనా కోస్తుంది, మన కొంపను కూడా కోసేస్తుంది. దాని ధర అడగడానికే నాకు నోరు రాలేదు. ఈ రెంటికీ మధ్యది మూతున్న చిన్న డబ్బా. మూతకు వెలుగును ఆపే నారింజరంగు అద్దం, పొగను కిటికీలోంచి బయటికి పంపే గొట్టం.

"వాట్లు ఎక్కువుంటే మంచిదా బాబూ?" అక్క అడిగింది.

"డబ్బా మీద పెద్దక్షరాలు చూడకండమ్మా. అది కరెంటు తాగే లెక్కయినా కావచ్చు. వెలుగు ఎంత బయటికొస్తుందో అది అడగండి, నన్నైనా సరే, ఇంకెవర్నయినా సరే. మీరు కోసేది కాగితం, పల్చటి చెక్క. ఇది చాలు. అద్దంలా ఉండే ప్లాస్టిక్ మాత్రం దీంతో తెగదు, వెలుగు అందులోంచి దాటి పోతుంది."

"కాగితం అంచు మాడుతుందా?"

"కొంచెం గోధుమరంగు తిరుగుతుంది. గాలి ఊదే పంపు పెడితే తగ్గుతుంది."

అక్క మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. మూతున్నదాన్ని అటూ ఇటూ కొలిచి, మనసులో పెట్టుకుని ఇంటికెళ్ళింది. మర్నాడు ఫోను చేసి, "పట్టదే. వంటింటి కిటికీ దగ్గర గట్టు మీద పట్టదు. ఇంకెక్కడా చోటు లేదు. మూత లేనిదే తీసుకుందాం, కడ్డీలు విప్పి మంచం కింద పెట్టుకోవచ్చు" అంది.

నాకు చిర్రెత్తింది. కళ్ళు పోగొట్టుకోవడానికా ఇంత తిరిగింది? ఆయన దగ్గర మిషన్‌నూ, అక్క ఇంట్లో గట్టునూ వెళ్ళి నేనే కొలిచాను. గట్టు పెద్దది, మిషన్ చిన్నది. మళ్ళీ కొలిచాను. అంతే.

"పట్టక ఏం చేస్తుందే? వెనకాల గాలాడటానికి కూడా చోటు మిగుల్తోంది!"

అక్క టేపు లాక్కుంది. "అదెలా? ఇదిగో ఇంత, దానికి నాలుగు వైపులా అర అంగుళం..."

"ఏం అర అంగుళం?"

"కుట్టుకి వదలొద్దూ?"

అనేసి తనే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మిషన్‌కు నాలుగు వైపులా కుట్టుకు కలిపింది. అది చాలదన్నట్టు గట్టు కొలతలోంచి మళ్ళీ అంతే తీసేసింది. "ఇనప డబ్బాకు కుట్లేస్తావుటే!" అని నేను అరిస్తే, పక్కగదిలో నిద్రపోతున్నాడనుకున్న బావ దుప్పటి కింద నవ్వాడు.

సరే, మూతున్నదే అని తేలింది. కొనేముందు అక్క గీసిన వీధినే కోసి చూపిస్తానన్నాడాయన. పని దిగాక సాయంత్రం నేరుగా అక్కడికే వచ్చింది అక్క. నేను బొమ్మను స్కాన్ చేసి తీసుకెళ్ళాను. ఆయన పల్చటి చెక్క పెట్టి, మూతేసి, "ఒకటే షరతమ్మా. ఇది నడుస్తున్నంతసేపూ మనిషి ఎదురుగా ఉండాలి, మెలకువగా. పొయ్యి మీద పాలు పెట్టారనుకోండి" అన్నాడు.

అక్కకు కుర్చీ వేశాడు. వెలుగు మొదటి మేడ వెంబడి పాకుతోంది. అది చాలాసేపు పట్టే పని. ఆయనా నేనూ కంప్యూటరులో బొమ్మను ఎలా సరిచెయ్యాలో మాట్లాడుకుంటున్నాం. ముందు వాసనొచ్చింది. చూస్తే ఒక బాల్కనీ మూల చిన్న మంట. ఆయన ఒక్క గంతులో మిషన్ ఆపి, మూత తీసి తడిగుడ్డ వేశాడు. పెద్దదేం కాదు, అంచు నల్లబడిందంతే. నేను మాత్రం కేక పెట్టాను.

అక్క కదల్లేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతోంది. భుజం పట్టుకుని ఊపితే గానీ లేవలేదు.

దార్లో, "వద్దులేవే" అంది.

"ఏం, ఆ కాస్త మంటకే భయపడ్డావా?"

"మంటకు కాదు. నేను దాని ఎదురుగానే ఉన్నాను, నాకు తెలియలేదు. ఇంట్లో ఆయన అలిసిపోయి పడుకుని ఉంటారు. మిషన్ పెట్టి నేనూ పడుకుంటే ఇంకేమైనా ఉందా? కుర్చీలో కూర్చున్నానంటే నా కళ్ళు నా మాట వినడంలేదే." సంచి భుజానికి సర్దుకుని, "మనకు సరిపడే మిషన్ దొరికింది. దాని ముందు కూర్చునే మనిషే లేదు" అంది.

తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఎవర్ని తిట్టాలో తెలియలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ ఆ పూజారి కూడా మా అక్కే, ఒంట్లో సత్తువ లేని అక్క.

ఇంటికెళ్ళాక, బావ డ్యూటీకి బయల్దేరుతూ అంతా విన్నాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. బూట్ల లేసు కట్టుకుంటూ, "నేను కూర్చుంటా" అన్నాడు.

"రాత్రంతా అక్కడ మేలుకుని, పగలు ఇక్కడ మేలుకుంటారా? మనిషా, గుడ్లగూబా?" అక్క గయ్యిమంది.

"రోజూ ఎందుకు? నా సెలవు రోజున పెట్టుకో."

"ఆ ఒక్కరోజైనా పడుకోండి."

"పడుకుంటే నాకు తోచదు" అని వెళ్ళిపోయాడు. అది పచ్చి అబద్ధం. ఆయన పడుకుంటే ఏనుగు తొక్కినా లేవడు. కానీ తర్వాత వారంలో మిషన్‌ను తనే మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పంపాడు. అక్క సణుగుతూనే కొత్త వీధి గీయడం మొదలుపెట్టింది. ఈసారి ఎక్కడ చూసినా కిటికీలే.

బావ సెలవు రోజున అక్క మధ్యాహ్నం దాకా పనికెళ్ళి వచ్చింది. కార్ఖానాకు బడులు తెరిచే ముందు సెలవులుండవు. వచ్చీ రాగానే అన్నం కూడా తినకుండా స్టూలు లాక్కుంది. తిమ్మిరి లేని చేత్తో తనే బొత్తాం నొక్కింది. వెలుగు నడిచింది. "అదిగో మెట్లు" అంది. కాసేపటికి "గోడ" అంది. ఆ తర్వాత మాట లేదు. చూస్తే బావ భుజం మీద తల వాల్చేసింది. బావ కళ్ళు మాత్రం అద్దం మీదనుంచి కదల్లేదు.

పనయ్యాక ఆయన ముక్క తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పుడు లేచింది. ఎంత బాగా వచ్చిందో! ఒక్క గీత పోలేదు. సంతోషిస్తుందనుకున్నాను. ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం ముడుచుకుపోయింది.

"అయిపోయిందా? నన్ను లేపలేదేం?"

"బాగుంది కదే!"

"బాగుంటే ఎవడికి కావాలే? కిటికీలు రాలుతుంటే చూడాలని కదా నేను..." కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ పెట్టండి. ఈసారి నిద్రపోతే గిల్లవే నన్ను" అంది.

మళ్ళీ పెట్టారు. మొదటి కిటికీ కూడా రాకముందే తల వాలింది. నేను గిల్లాను. ఊరికే కాదు, ఎర్రగా కందేలా గిల్లాను. "అక్కా, కిటికీలే! అక్కా!" అన్నాను. "ఊఁ" అంది, అంతే. నాకు ఏడుపాగలేదు. ఒక మనిషిని ఇంతలా పిండేస్తారా, తన సంబరం తను చూసుకునే ఓపిక కూడా మిగల్చరా అని పైకే అనేశాను.

"గిల్లకు, కందిపోతోంది" అన్నాడు బావ.

రెండో వీధి కూడా పూర్తయింది. ఆయన భుజం కదలకుండా చెయ్యి చాపి, మూత తీసి, ముక్క బయటపెట్టి, ఇంకో కొత్త చెక్క లోపల పెట్టాడు.

"మళ్ళీనా? లేచాక పెట్టుకోవచ్చుగా బావా."

"లేచాక పెడితే మొదటి మేడ అయ్యేలోపు మళ్ళీ పడుకుంటుంది. తను లేచేసరికే ఇది నడుస్తూ, కిటికీలు రాలుతూ ఉండాలి" అని మూత వేసి, బొత్తాం నొక్కాడు.